పట్టు విడిపోయింది, మోచెయ్యి టక్‌మంది: తప్పు నాదా, వాడిదా?

వైట్‌బెల్ట్_వంశీ

ఏడు నెలలుగా హైదరాబాద్‌లో ఒక జిమ్‌లో జుజిత్సు (బ్రెజిల్ నుంచి వచ్చిన, నేల మీద పట్లు పట్టే కుస్తీ లాంటిది) నేర్చుకుంటున్నా. వయసు 34, బరువు 81 కేజీలు. ఆఫీసులో కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తోందని మొదలుపెట్టా. ఇప్పుడు వారానికి మూడు రోజులు వెళ్లకపోతే పిచ్చెక్కుతోంది.

మొన్న మంగళవారం రాత్రి క్లాసు, చివరి రౌండ్. అవతల బ్లూ బెల్ట్ (నా వైట్ బెల్ట్ కంటే ఒక మెట్టు పైన) కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో, నాకంటే పదిహేను కేజీలు తక్కువ. మౌంట్ (నా మీద ఎక్కి కూర్చునే భంగిమ) నుంచి ఆర్మ్‌బార్‌కి, అంటే చేతిని కాళ్ల మధ్య ఇరికించి మోచేతిని వెనక్కి వంచే పట్టుకి, తిరిగాడు. నేను రెండు చేతులూ కలిపి గట్టిగా పట్టేసుకున్నా. కాసేపు లాగాడు, రాలేదు. తర్వాత ఉన్నట్టుండి ఒళ్లంతా వెనక్కి పడేసి లాగాడు. నా పట్టు ఊడిపోయింది, చెయ్యి తిన్నగా సాగిపోయింది, మోచేతి దగ్గర చెరుకుగడ విరిచినట్టు చప్పుడు. పక్కన ఉన్నవాళ్లు కూడా ఇటు తిరిగి చూశారు. ట్యాప్ (ఓడిపోయా, ఆపు అని చేత్తో తట్టడం) చేయడానికి టైమే లేదు.

"సారీ అన్నా, నువ్వు ట్యాప్ చేయలేదు కదా" అన్నాడు. వెళ్లి నీళ్లు తాగాడు. కోచ్ వచ్చి చూసి "ఐస్ పెట్టుకో, రెండు రోజుల్లో తగ్గిపోతుంది" అన్నాడు. ఇవాళ నాలుగో రోజు. చొక్కా గుండీలు మా ఆవిడే పెడుతోంది, పెడుతూ ఏమేమి అంటోందో ఇక్కడ రాయలేను.

ట్యాప్ చేసే సందు కూడా ఇవ్వకుండా లాగడం కరెక్టేనా? తప్పు ఎవరిది? జిమ్ మారిపోవాలా? మూడు నెలల ఫీజు ముందే కట్టేశా, అదొకటి.

గీ_ఆరలేదు

ముందు చెయ్యి చూపించుకో బాబూ, తర్వాత పంచాయితీ పెడదాం.

మెడల్‌పిచ్చి

తప్పు నీదే బ్రో. బాధ పడకు, ఉన్నమాట చెప్తున్నా. ఆర్మ్‌బార్ పడింది, నీకు తెలుసు. చేతులు కలిపి పట్టుకోవడం అంటే "నేను ఇంకా ఆటలో ఉన్నా" అని చెప్పడమే. అవతలివాడు ఆట ఆడాడు, అంతే. ఆర్మ్‌బార్ వైట్ బెల్ట్‌కి కూడా లీగలే.

డాలస్_బాబాయ్

నేను 41కి మొదలుపెట్టా, ఇప్పుడు 46, బ్లూ బెల్ట్. మా జిమ్‌లో నాకు పేరే "ముందస్తు ట్యాప్". ఆర్మ్‌బార్ వాసన వస్తే చాలు, ట్యాప్. ఒకసారి అవతలివాడు కాలు సర్దుకుంటుంటే ట్యాప్ చేశా, వాడికే అర్థం కాలేదు ఎందుకో. ఈ చేతులతోనే సోమవారం పొద్దున కోడ్ రాయాలి, ఇంటి లోన్ కట్టాలి. ఇక్కడ ఎంఆర్ఐ బిల్లు చూస్తే మోచెయ్యి కాదు, గుండె టక్‌మంటుంది.

లావణ్య_52కేజీ

మెడల్‌పిచ్చి, "ఆట ఆడాడు" అంటున్నావు. చివరి రౌండ్, రాత్రి క్లాసు, అవతల ఏడు నెలల వైట్ బెల్ట్. ఏ కప్పు ఇస్తున్నారక్కడ?

ఫిజియోగారు

గొడవ తర్వాత. వంశీ, మూడు సంగతులు చెప్పు. మోచెయ్యి పూర్తిగా చాపగలుగుతున్నావా? చిటికెన వేలు తిమ్మిరిగా ఉందా? లోపలి వైపు, అంటే నడుస్తుంటే పక్కటెముకలకు తగిలే వైపు, నలుపెక్కిందా?

వైట్‌బెల్ట్_వంశీ

చాపలేకపోతున్నా, కొంత దూరం వెళ్లి ఆగిపోతోంది. తిమ్మిరి మొదటి రోజు ఉండేది, ఇప్పుడు లేదు. నల్లగా కాదు గానీ నేరేడుపండు రంగులో ఉంది.

ఫిజియోగారు

అయితే ఐస్ పెట్టుకుని కూర్చోవద్దు. దెబ్బ తగిలాక మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నారంటే ఎక్స్‌రే తీయించాల్సిందే, ఎముక చిట్లిందో లేదో ముందు తేలాలి. ఆర్మ్‌బార్‌లో మోచెయ్యి వెనక్కి వంగుతుంది. ముందువైపు పొర, లోపలి వైపు లిగమెంట్ సాగుతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. చిరుగు ఎంతో ఎంఆర్ఐలో తెలుస్తుంది. ఎముకల డాక్టర్ని కలువు. ఇంకోటి, భయపడి నెలల తరబడి కట్టు కట్టేసుకోకు. మోచెయ్యి త్వరగా బిగుసుకుపోయే కీలు. ఎప్పుడు కదిలించాలో డాక్టర్నే అడుగు. నూనె రాసి లాగించే చోటుకి మాత్రం వెళ్లకు, దండం పెడతా.

గీ_ఆరలేదు

ఆ చివరి వాక్యం మా అమ్మకి ఫార్వర్డ్ చేస్తున్నా.

మెడల్‌పిచ్చి

లావణ్య, కప్పు లేదు, ఒప్పుకుంటా. కానీ నెమ్మదిగా వదిలేసే అలవాటు చేసుకుంటే మ్యాచ్‌లో కూడా వదిలేస్తాం. 2004 వరల్డ్స్ (జుజిత్సు ప్రపంచ పోటీ)లో ఓపెన్, అంటే బరువుతో పని లేని విభాగం, ఫైనల్ తెలుసా? రోజర్ గ్రేసీ ఆర్మ్‌బార్ వేసి జాకరే చెయ్యి విరిచేశాడు. జాకరే ట్యాప్ చేయలేదు. విరిగిన చేతిని బెల్టులో దోపుకుని టైమ్ అయ్యేదాకా తప్పించుకుని పాయింట్లతో గెలిచాడు. ఆ క్రీడ ఇది.

డాలస్_బాబాయ్

జాకరేకి అవతల ప్రపంచ టైటిల్ ఉంది బాబూ. వంశీకి అవతల బుధవారం పొద్దున స్టాండప్ మీటింగ్ ఉంది.

జూడో_రాజు

విరిగిన చేతుల లెక్కలోకి వస్తే ఇంకొకటి. 1951లో బ్రెజిల్‌లో మరకానా స్టేడియంలో జుజిత్సు గురువు హీలియో గ్రేసీ, జపాన్ జూడో వీరుడు కిమురా. హీలియో చెయ్యిని కిమురా మెలి పెట్టి విరిచాడు, హీలియో ట్యాప్ చేయలేదు. అన్న కార్లోస్ మ్యాచ్ ఆపించాడు. గ్రేసీలు ఆ పట్టుకి కిమురా అనే పేరు పెట్టేశారు, ఓడించినవాడి పేరు. ఈ కథ అందరూ హీలియో మొండితనం గురించే చెప్తారు. నాకు మాత్రం కార్లోసే కనిపిస్తాడు. వంశీ, మీ జిమ్‌లో ఆ కార్లోస్ పని చేయాల్సినవాడు ఎక్కడున్నాడు ఆ టైమ్‌లో?

వైట్‌బెల్ట్_వంశీ

కోచ్ అవతలి మూల ఇద్దరు కొత్తవాళ్లకి ష్రింపింగ్ (పడుకుని తుంటి జరిపే కసరత్తు) చూపిస్తున్నాడు. ఒకే కోచ్, ఇరవై రెండు మంది మ్యాట్ మీద.

ఊదారంగు

బెంగళూరులో ట్రైనింగ్, పర్పుల్ బెల్ట్ (బ్లూ తర్వాతది). ఎనిమిదేళ్లలో ఇలాంటి మోచేతులు మూడు చూశా, అందులో ఒకటి నేను చేసిందే. అందుకని కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక ఉంటే చదవండి.

మీరంతా "ట్యాప్ చేశాడా లేదా" దగ్గరే తిరుగుతున్నారు. వంశీ రాసింది మళ్లీ చూడండి. చేతులు కలిపి పట్టుకున్నాడు. వాడు లాగాడు, రాలేదు. ఒళ్లంతా వేశాడు, వచ్చింది. అసలు సంగతి అక్కడుంది.

బావిలో చేద ఇరుక్కుంటే తాడు పట్టి బలమంతా పెట్టి లాగుతాం కదా, చేద ఒక్కసారి ఊడితే మనం వెనక్కి వెళ్లి పడతాం. అప్పటిదాకా పెట్టిన బలం ఎటు పోతుంది? చేతులు కలిపి ఉన్నంతసేపు ఆ బలాన్ని రెండు భుజాలూ, రెండు చేతులూ కలిసి మోస్తాయి. పట్టు ఊడిన మరుక్షణం మొత్తం ఒక్క మోచేతి మీదికి వస్తుంది. కింద వాడి తుంటి ఆసరాగా ఉంది, పైన మణికట్టు వాడి ఛాతీకి అతుక్కుని ఉంది. చెయ్యి తిన్నగా అవడానికీ విరగడానికీ మధ్య రెప్పపాటు కూడా ఉండదు. అందుకే వంశీకి ట్యాప్ చేసే టైమ్ రాలేదు. వాడికి కూడా ఆపే టైమ్ రాలేదు, ఎందుకంటే అప్పటికే వెనక్కి పడిపోతున్నాడు.

పట్టు విడిపించడం ఒక పని, చెయ్యి చాపడం ఇంకో పని. బ్లూ బెల్ట్ ఈ రెండిటినీ ఒకే లాగుడులో చేశాడు. నేర్పాల్సింది ఇలా: మోచేతి మడతలో అతని ముంజేతిని ఇరికించి పట్టుకో, మోకాళ్లు దగ్గరగా బిగించు, నేరుగా వెనక్కి కాకుండా అతని తల వైపు ఏటవాలుగా వాలు, అవసరమైతే అడుగు పాదంతో రెండో చేతి కండను తొయ్యి. పట్టు ఊడుతుంది. ఊడగానే ఆగు. బొటనవేలు పైకి ఉండేలా మణికట్టు సర్దుకో. అప్పుడు తుంటి పైకెత్తు, జాకీతో కారు లేపినట్టు. ఆ సర్దుకునే వ్యవధే అవతలివాడికి ట్యాప్ చేసుకునే టైమ్.

నేను చేసిన దాంట్లో కూడా సరిగ్గా ఇదే జరిగింది. అప్పుడు నేనూ బ్లూ బెల్టే. ఆ మనిషి మళ్లీ మ్యాట్ మీదికి రాలేదు.

కొత్తగా_చేరా

అన్నా, మరి డిఫెన్స్ వైపు? నాకు మొదటి నెలలోనే "చేతులు కలిపి పట్టుకో" అని నేర్పారు. అది తప్పా?

ఊదారంగు

తప్పు కాదు, కానీ అది తలుపు గడియ లాంటిది. గడియ వేసి దొంగ ముందు కూర్చుంటే లాభం లేదు, ఆ లోపు ఇంకేదో చేయాలి. పట్టుకున్న ఆ నాలుగైదు సెకన్లలో లేచి వాడి మీద బరువు వేసి మడతపెట్టడమో, మోచేతిని వాడి తుంటి గీత దాటించి కిందికి లాక్కోవడమో జరగాలి. ఏమీ జరగట్లేదు, వీపు నేలకి అంటుకునే ఉంది, మోచెయ్యి వాడి తుంటి అవతలే ఉంది, పట్టు ఒక్కటే మిగిలింది అంటే ఇక ఆట అయిపోయినట్టే. అప్పుడే ట్యాప్ చెయ్యి. పట్టు ఊడాక చూద్దాంలే అనుకుంటే వంశీ సంగతే.

రెండు చేతులూ ఖాళీ లేకపోతే నోటితో చెప్పు. కాలితో నేలని తడితే అవతలివాడు పెనుగులాట అనుకుంటాడు.

మెడల్‌పిచ్చి

ఊదారంగు అన్న చెప్పింది ఒప్పుకుంటా. కానీ పోటీలో ఎవడూ "పట్టు ఊడింది, ఆగుదాం" అని ఆగడు.

ఊదారంగు

పోటీలో రిఫరీ ఉంటాడు. ఐబీజేజేఎఫ్ (జుజిత్సు అంతర్జాతీయ సమాఖ్య) రూల్స్‌లో నొప్పితో అరిచినా ట్యాప్ కిందే లెక్క. కీలు పోతుందని నమ్మకం కలిగితే రిఫరీయే ఆపేయొచ్చు. వైట్ బెల్ట్‌కి కాళ్ల పట్లలో స్ట్రెయిట్ యాంకిల్ లాక్ తప్ప ఇంకేదీ లేదు, ఎగిరి గార్డ్ పట్టడం (అవతలివాడి నడుముకి కాళ్లు చుట్టేయడం) కూడా లేదు. మడమ పట్టి మోకాలు మెలి పెట్టే హీల్ హుక్ గీలో (గీ అంటే మనం వేసుకునే మందపాటి కోటు, ప్యాంటు) ఎవరికీ లేదు, నో-గీలో 2021 నుంచి బ్రౌన్, బ్లాక్ బెల్ట్ పెద్దవాళ్లకే. అంటే పోటీ పెట్టేవాళ్లు కూడా ఎవడికి ఎంత అని కొలిచి ఇస్తున్నారు. మనం జిమ్‌లో అంతకంటే తక్కువ చూసుకుంటామా?

తాలీం_పిల్లోడు

మాది పాతబస్తీ. మా తాత కుస్తీ మనిషి, నేను చిన్నప్పుడు తాలీంలో (కుస్తీ అఖాడాలో) మట్టి తవ్వినవాణ్ని, ఇప్పుడు మూడేళ్ల నుంచి జుజిత్సు. తాలీంలో జోర్ (సాధన కుస్తీ) చేసేటప్పుడు పెద్ద పహిల్వాన్ చిన్నోడి మీద బరువు వేసేవాడు కాదు, చిన్నోడికి తన మీద దావ్ (పట్టు) వేయడానికి ఒళ్లు ఇచ్చేవాడు. చిన్నోడికి దెబ్బ తగిలిందంటే ఉస్తాద్ అడిగేది చిన్నోణ్ని కాదు, పెద్దోణ్ని. చేతిలో బెత్తం ఉండేది, అది వేరే సంగతి.

ఇంకో మాట. కుస్తీలో భుజాలు మట్టికి ఆనాయంటే ఓడినట్టే. జుజిత్సుకి వచ్చిన మొదటి రోజు కోచ్ "వెల్లకిలా పడుకో, అదే గార్డ్" అన్నాడు. మా తాత ఉంటే నన్ను గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు.

గీ_ఆరలేదు

గీ కొనాలి, ఆరు వేలవుతుంది అంటే మా అమ్మ "ఎన్ని కేజీలు రా? గుంటూరు నుంచి తెప్పిస్తే ఇంకా చవగ్గా వస్తుంది, ఇంట్లో కాచిందే" అంది.

డాలస్_బాబాయ్

😂😂 మీ అమ్మగారికి నమస్కారం.

లావణ్య_52కేజీ

నవ్వాక సీరియస్ మాట ఒకటి. ఊదారంగు గారు చెప్పినట్టు నెమ్మదిగా చేస్తే ఏమవుతుందో నా వైపు నుంచి చెప్తా.

నేను బ్లూ బెల్ట్, ఏడాదిన్నర అయింది. మా దగ్గర కొత్తగా చేరిన మగపిల్లలు నాకు ట్యాప్ చేయరు. ఆర్మ్‌బార్ పూర్తిగా పడుతుంది, చెయ్యి తిన్నగా ఉంటుంది, నేను ఆగుతా. వాడు ట్యాప్ చేయడు. పళ్లు బిగించి పైకప్పు చూస్తుంటాడు. ఇంకొంచెం ఎత్తితే విరుగుతుంది, అది నాకు తెలుసు, వాడికి తెలీదు. వదిలేస్తా. వదలగానే "ఇంకా పూర్తిగా పడలేదు కదా" అంటాడు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. విరిస్తే "పిచ్చిది, కంట్రోల్ లేదు" అంటారు. వదిలితే "దీనికి ఫినిష్ చేయడం రాదు" అంటారు.

ఇప్పుడు నేను చేసేదేమిటంటే, పట్టి, ఆగి, మొహం చూసి "పడింది, వదిలేస్తున్నా" అని గట్టిగా చెప్పి వదిలేస్తా. పక్కవాళ్లకి వినపడేలా. రెండుసార్లు అయ్యాక మూడోసారి వాడే ట్యాప్ చేస్తాడు.

మెడల్‌పిచ్చి

అక్కా, ఇది మాత్రం సూపర్. నేను కూడా మొదట్లో అలాంటివాణ్నే, సిగ్గుగా ఉంది చెప్పడానికి.

లావణ్య_52కేజీ

తెలుసు, నీ పోస్టులు చదివితేనే తెలుస్తోంది :)

కొత్తగా_చేరా

సంబంధం లేని ప్రశ్న, ఏమనుకోవద్దు. ముంజేతి మీద గుండ్రంగా ఎర్ర మచ్చ వచ్చింది, అంచు పొట్టు లేస్తోంది, దురద. మా అమ్మమ్మ పసుపు, వేపాకు నూరి పెట్టింది. క్లాసుకి వెళ్లొచ్చా?

ఫిజియోగారు

వద్దు! అది తామరలా ఉంది. నా సబ్జెక్ట్ కాదు, చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో: మందుల షాపుకి వెళ్లి "దురదకి ఏదైనా ట్యూబ్ ఇవ్వు" అనకు. స్టెరాయిడ్ కలిపిన క్రీమ్ చేతిలో పెడతారు. రెండు రోజులు దురద పోతుంది, మచ్చ మాయమైనట్టే ఉంటుంది, లోపల హాయిగా పాకుతుంది. తర్వాత వచ్చేది మామూలు మందులకి ఒక పట్టాన లొంగదు. నీకు తగ్గేదాకా మ్యాట్ ఎక్కకు, మిగతావాళ్లకి అంటిస్తావు.

గీ_ఆరలేదు

ఆగస్టులో హైదరాబాద్‌లో గీ ఆరాలంటే నాలుగు రోజులు. సోమవారం ఉతికింది గురువారం కూడా కాలర్ దగ్గర తడిగానే ఉంటుంది, కుక్కల వాసన. ఒకే గీ ఉన్నవాళ్లు దయచేసి రెండోది కొనండి. మీ కోసం కాదు, మీ కింద పడుకునే నా కోసం.

వైట్‌బెల్ట్_వంశీ

నా థ్రెడ్‌లో తామర, నెయ్యి అన్నీ వచ్చాయి. మంచిదే. ఎక్స్‌రే అయింది, ఎముక బాగానే ఉంది. డాక్టర్ ఎంఆర్ఐ రాశాడు. "ఎలా జరిగింది?" అంటే "జుజిత్సు" అన్నా. "అంటే ఎవరో కొట్టారా?" అన్నాడు. "లేదు సార్, నేనే డబ్బు కట్టి చేయించుకున్నా" అన్నా.

జిమ్ మారడం గురించి ఎవరూ చెప్పలేదు.

జూడో_రాజు

మారితే బ్రెజిల్‌లో దానికో తిట్టు ఉంది: క్రెయోంచీ. ద్రోహి అన్నట్టు. కార్ల్‌సన్ గ్రేసీ అనే గురువు తన దగ్గర్నుంచి వెళ్లిపోయినవాళ్లని అలా పిలిచేవాడు, మాట అలా స్థిరపడిపోయింది. అక్కడ ఒకప్పుడు అకాడమీకీ అకాడమీకీ మధ్య నిజంగానే పగలు ఉండేవి, నేర్పిన పట్టు అవతలి గుంపుకి చేరితే మ్యాచ్ పోయేది. ఆ కోపానికి అక్కడ ఒక అర్థం ఉంది. నెలకి ఫీజు కట్టి నేర్చుకునే మనకి ఆ లెక్క దేనికి?

మెడల్‌పిచ్చి

అసలు జుజిత్సు మన బౌద్ధ భిక్షువుల నుంచే జపాన్‌కి వెళ్లింది కదా, మన విద్య మనకే అమ్ముతున్నారు, అందులో మళ్లీ ద్రోహి ఏంటి.

జూడో_రాజు

ఆ కథ వాట్సాప్‌లో బాగుంటుంది, కాగితం మీద ఆధారం దొరకదు. కాగితం మీద ఉన్నది ఇది: కానో జిగోరో 1882లో కొడోకాన్ అనే జూడో బడి పెట్టాడు, అక్కడ తయారైన మయెదా 1914లో బ్రెజిల్ చేరాడు, బెలేం ఊళ్లో కార్లోస్ గ్రేసీకి నేర్పాడు. అక్కడి నుంచి ఇంటింటి కథ. 1993లో డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ (ఏ విద్యవాడైనా దిగే పోరు పోటీ), రాయిస్ గ్రేసీ తనకంటే బరువైనవాళ్లని పడేసి గెలవడంతో ప్రపంచానికి తెలిసింది. పెనుగులాట మన దగ్గరా వేల ఏళ్ల నుంచి ఉంది, భారతంలో భీముడూ జరాసంధుడూ ఉన్నారు, అది చాలదా? వీళ్లది కూడా మనదే అనాలా?

తాలీం_పిల్లోడు

భీముడు జరాసంధుణ్ని చీల్చాడు గురూ. ట్యాప్‌లు లేవు అక్కడ.

ఊదారంగు

వంశీ, మారాలా వద్దా అన్నది ఆ కుర్రాణ్ని చూసి నిర్ణయించకు. కోచ్‌ని చూసి నిర్ణయించు. "ఇలా జరిగింది, పట్టు విడిపించడం ఎలాగో క్లాసులో అందరికీ చూపిస్తారా?" అని అడుగు. చూపిస్తే ఉండు. "ఇది మగవాళ్ల ఆట, దెబ్బలు మామూలే" అంటే ఫీజు పోయిందనుకుని బయటికి రా. బెల్టుల తొందర కూడా పెట్టుకోకు, బ్లూలోనే కనీసం రెండేళ్లు ఉండాలని ఐబీజేజేఎఫ్ లెక్క, చాలామందికి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆరు వారాలు పోతే ఏమీ మునగదు.

డాలస్_బాబాయ్

మా కోచ్ బ్రెజిల్ మనిషి. ఇంగ్లీషు తక్కువ, నా ఇంగ్లీషు ఆయనకి అసలు అర్థం కాదు. కానీ ఎవరైనా గట్టిగా లాగారంటే హాల్ అవతలి నుంచి చెప్పు లేచి వస్తుంది. ఆ భాష మాత్రం నాకు చిన్నప్పటి నుంచి వచ్చు.

వైట్‌బెల్ట్_వంశీ

వారం తర్వాత రాస్తున్నా. చెప్పాల్సింది కొంచెం ఉంది, నాకు ఇబ్బందిగానే ఉంది.

ఎంఆర్ఐలో లోపలి లిగమెంట్ కొంత చిరిగింది, పూర్తిగా తెగలేదు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆరు వారాలు మ్యాట్ మీదికి వెళ్లొద్దు, తర్వాత చూసి చెప్తామన్నారు.

ఇంకోటి. ఆ రోజు మా పక్కన రోల్ (సాధన పోటీ) చేసిన ఇద్దరు వాళ్ల రౌండ్ ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నారట. వెనకాల మేం పడ్డాం. నిన్న నాకు పంపారు. పదిసార్లు చూసుంటా.

నాకు గుర్తున్నదేమిటంటే వాడు కాసేపు లాగి, అడగకుండానే ఒళ్లంతా పడేశాడని. వీడియోలో అలా లేదు. వాడు ఆర్మ్‌బార్‌లో కూర్చుని పదిహేడు సెకన్లు ఉన్నాడు. రెండుసార్లు లాగడం ఆపాడు. రెండోసారి ఆపి తల ఎత్తి నన్ను ఏదో అడుగుతున్నాడు. మాట వినపడట్లేదు గానీ "అన్నా, ట్యాప్?" అనే ఉంటుంది. నేను అడ్డంగా తల ఊపుతున్నా. ఊపినట్టు నాకు ఒక్క ముక్క గుర్తు లేదు! ఆ తర్వాత వాడు వెనక్కి పడ్డాడు.

ఇది కూడా చెప్పేస్తా. అదే రౌండ్‌లో వాడు నన్ను అప్పటికే రెండుసార్లు ట్యాప్ చేయించాడు. మా ఆఫీసులో ఇంటర్న్ వయసు. మూడోసారి ఇవ్వబుద్ధి కాలేదు.

మెడల్‌పిచ్చి

నేను మొదటి పోస్టులో ఏం చెప్పా?

ఊదారంగు

నువ్వు చెప్పింది సగం. అడిగాడు, వంశీ కాదన్నాడు, సరే. అయినా వాడు బ్లూ బెల్ట్. అవతలివాడు వినట్లేదని తెలిశాక ఒళ్లంతా పడేయడం ఒక్కటే దారి కాదు. వదిలేసి ఇంకోదానికి వెళ్లొచ్చు, లావణ్య గారిలా చెప్పి వదలొచ్చు. పదిహేడు సెకన్లు ఓపిక పట్టినవాడు పద్దెనిమిదో సెకనులో తప్పు చేశాడు. వంశీ పదిహేడు సెకన్లూ చేశాడు.

వైట్‌బెల్ట్_వంశీ

ఒప్పుకుంటున్నా అన్నా.

వీడియో చూశాక వాడికి ఫోన్ చేశా. ఎత్తగానే "అన్నా, ఎలా ఉంది చెయ్యి, నేనే చేద్దామనుకున్నా, భయమేసింది" అన్నాడు. నేను ఇక్కడ మొదటి పోస్టులో "వెళ్లి నీళ్లు తాగాడు" అని రాశాను చూశారా, అది ఎంత మంటతో రాశానో. వాడు చెప్పిందేమిటంటే, ఆ చప్పుడు వినగానే చేతులు వణికిపోయాయట. ఎవరూ చూడకూడదని కూలర్ దగ్గరికి వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడ్డాడట. బాటిల్ మూత కూడా తీయలేకపోయాడట. ఆ వారమంతా క్లాసుకి వెళ్లలేదు.

రేపు సాయంత్రం ఇంటికి వస్తానన్నాడు. మా ఆవిడకి ఎవరని చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

లావణ్య_52కేజీ

నిజం చెప్పు, కాకపోతే అతను హెల్మెట్ తీయకముందే చెప్పు.

జూడో_రాజు

కోచ్?

వైట్‌బెల్ట్_వంశీ

వీడియో ఆయనకీ పంపా. మొదట "ఇలాంటివి బయట పెట్టకండి" అన్నాడు. రాత్రి మళ్లీ ఫోన్ చేసి గురువారం క్లాసంతా పట్టు విడిపించడం మీదే అన్నాడు, నన్ను వచ్చి పక్కన కూర్చుని చూడమన్నాడు. ఫీజు ఆరు వారాలు వెనక్కి జరుపుతానన్నాడు. ప్రస్తుతానికి ఉంటున్నా. స్లింగ్‌తో వెళ్తే ఏమైనా అంటారా?

ఫిజియోగారు

కూర్చుని చూడు. "ఒక్క చేత్తో డ్రిల్ చేద్దాం" అని ఎవరైనా అంటే లేచి ఇంటికి వెళ్లిపో.

తాలీం_పిల్లోడు

పక్కన కూర్చుని చూసేవాడికే దావ్ బాగా కనిపిస్తుంది. మా దగ్గర దెబ్బ తగిలినోడి పని బాదం నూరడం. నీకు ఆ బాధ కూడా లేదు.

గీ_ఆరలేదు

ఆరు వారాలు గీ ఉతికే పని లేదు కదా వంశీ. అసలు లాభం అది.

వైట్‌బెల్ట్_వంశీ

అన్నట్టు అది ఆ మంగళవారం నుంచి బ్యాగులోనే ఉంది.

గీ_ఆరలేదు

పదకొండు రోజులా?? జిప్ తీయకు. బ్యాగుతో సహా పారెయ్.